మయోర్కా చివరి రాజు మూడో జౌమె: ఇద్దరు అధిరాజుల మధ్య నలిగిన రాజ్యం

సంక్షిప్తంగా

మధ్యధరా సముద్రంలోని మయోర్కా దీవి కేంద్రంగా 1276లో ఒక చిన్న రాజ్యం ఏర్పడి 1344 నాటికి అంతరించింది. దాని చివరి పాలకుడు మూడో జౌమె (1315–1349). దుడుకు స్వభావం వల్ల, తన బలం తాను ఎరగక రాజ్యం పోగొట్టుకున్నాడన్నది ఆయన మీద చాలాకాలం నిలిచిన తీర్పు. అది సగమే నిజం. ఆ రాజ్యం ఒక చేత్తో నేటి స్పెయిన్ ఈశాన్య భాగాన్ని ఏలిన అరగాన్ రాజుకు, మరో చేత్తో ఫ్రాన్స్ రాజుకు కట్టుబడి ఉంది. 1341లో ఆ రెండు బంధాలూ ఒకేసారి బిగుసుకోవడమే దాని పతనానికి అసలు కారణం.

పేర్ల చిక్కు

టెన్నిస్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ సొంత దీవిగా తెలుగువారికి తెలిసిన మయోర్కాకు ఒకప్పుడు సొంత రాజులున్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఆ రాజుల గురించి చదవబోయినవారు మొదట తడబడేది పేర్ల దగ్గరే. ఒకే వంశంలో రెండు శాఖలు. రెండింటిలోనూ జౌమెలు ఉన్నారు. అరగాన్‌లో ఒక రెండో జౌమె ఉంటే, మయోర్కాలో మరో రెండో జౌమె ఉన్నాడు. పైగా ఆ ప్రాంతపు భాష కాటలాన్‌లో జౌమె అయిన వ్యక్తి స్పానిష్‌లో హైమె, ఫ్రెంచిలో జాక్, ఇంగ్లిష్ పుస్తకాల్లో జేమ్స్ అవుతాడు. ఈ వ్యాసంలో కాటలాన్ రూపాలనే వాడాం. కథకు ముఖ్యమైనవారు ఇద్దరే: మయోర్కా రాజు మూడో జౌమె, అరగాన్ రాజు నాలుగో పెరె. పెళ్లి సంబంధం వల్ల పెరె జౌమెకు బావమరిది.

వీలునామాతో పుట్టిన రాజ్యం

అరగాన్ రాజు మొదటి జౌమె 1229 డిసెంబరు 31న మయోర్కా రాజధానిని ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్నాడు. 1276లో ఆయన చనిపోయినప్పుడు వీలునామా ప్రకారం ఆస్తి రెండు వాటాలైంది. అరగాన్, కాటలోనియా, వలెన్సియా పెద్ద కొడుకు మూడో పెరెకు వెళ్లాయి. చిన్న కొడుకు జౌమెకు మయోర్కా దీవులతో పాటు పిరనీస్ పర్వతాల దగ్గరి రూసియోన్, సెర్దాన్యా ప్రాంతాలు, దక్షిణ ఫ్రాన్స్‌లోని మాంపెల్యే నగరం దక్కాయి.

ఈ వాటా స్వరూపంలోనే తర్వాతి కష్టాలన్నీ ఉన్నాయి. దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య సముద్రం అడ్డు. రూసియోన్ నుంచి మాంపెల్యేకు వెళ్లాలంటే ఫ్రాన్స్ రాజు నేల మీదుగా పోవాలి. ఏ వైపు దాడి జరిగినా మిగిలిన రెండు వైపుల నుంచి సైన్యం సమయానికి చేరే వీలు లేదు. రాజు కూడా ఒకచోట స్థిరంగా ఉండేవాడు కాదు. కొలువు ఎక్కువ కాలం రూసియోన్‌లోని పెర్పిన్యాన్ కోటలో ఉంటే, దీవుల పాలన రాజప్రతినిధి చేతిలో ఉండేది.

అన్నగారికి ఈ పంపకం మొదటినుంచీ మింగుడు పడలేదు. 1279 జనవరి 20న పెర్పిన్యాన్‌లో తమ్ముడి చేత ఒక ఒప్పందం మీద సంతకం చేయించాడు. దాని ప్రకారం మయోర్కా రాజు అరగాన్ రాజుకు సామంతుడు. పిలిచినప్పుడు కాటలోనియా సభకు హాజరు కావాలి. రూసియోన్, సెర్దాన్యాలలో బార్సిలోనా నాణెమే చెల్లాలి. ప్రతిగా అరగాన్ రాజు ఆయనకు రక్షణ కల్పించాలి. ఆ వంశంలో ఎవరు గద్దెనెక్కినా ఇదే ప్రమాణం మళ్లీ చేయాలి.

ఆ షరతులు తమ్ముడి మనసులో ఎంత గుచ్చుకున్నాయో ఆరేళ్లలోనే తేలింది. 1285లో ఫ్రాన్స్ రాజు అరగాన్ మీదికి దండెత్తినప్పుడు ఆయన ఫ్రాన్స్ పక్షాన నిలిచాడు. ఫలితంగా దీవులు అరగాన్ వశమయ్యాయి. 1295లో కుదిరిన అనాన్యి సంధి వల్ల అవి తిరిగి దక్కాయి కానీ సామంత షరతులు యథాతథంగా కొనసాగాయి. అంటే మూడో జౌమె పుట్టక ముందే ఆ రాజ్యం ఒకసారి పోయి తిరిగివచ్చింది. ఎలా లాక్కోవచ్చో అరగాన్‌కు అప్పటికే అనుభవం ఉంది.

పల్లకీలో వచ్చిన వారసుడు

మూడో జౌమె 1315 ఏప్రిల్‌లో సిసిలీలోని కతానియాలో పుట్టాడు. తండ్రి ఫెర్రాన్ మయోర్కా రాజు చిన్న కొడుకుల్లో ఒకడు. గ్రీసులోని అకయా సంస్థానం తన భార్య తరఫు హక్కు అంటూ పోరాడుతున్నాడు. ప్రసవమైన కొద్ది వారాలకే తల్లి ఇసబెల్ చనిపోయింది. తండ్రి గ్రీసుకు బయలుదేరుతూ పసివాణ్ని నమ్మకస్తుడైన రమోన్ ముంతనేర్‌కు అప్పగించాడు.

ముంతనేర్ యోధుడు, ఆ కాలపు కాటలాన్ వృత్తాంతకారుల్లో ప్రసిద్ధుడు. నెలల బిడ్డతో సిసిలీ నుంచి చేసిన ఆ ప్రయాణాన్ని తన వృత్తాంతంలో శ్రద్ధగా రాసుకున్నాడు. చలికాలపు సముద్రం, దాదులు, తుపానులు, దారిలో శత్రువుల భయం. కాటలోనియా తీరంలోని సలౌ రేవులో దిగాక బిడ్డనూ దాదినీ ఒక మూసిన పల్లకీలో కూర్చోబెట్టి, బోయీల చేత మోయించుకుంటూ పెర్పిన్యాన్ దాకా నడిపించాడు. అక్కడ నాయనమ్మ ఎస్క్లారముండ చేతికి మనవణ్ని అప్పగించి, అందినట్టు లిఖితపూర్వకంగా రాయించుకున్నాడు. మరుసటి సంవత్సరం, 1316 జులైలో, ఫెర్రాన్ గ్రీసులోని మనోలాదా యుద్ధంలో చనిపోయాడు. బిడ్డ అనాథ అయ్యాడు.

అప్పటి మయోర్కా రాజు, జౌమె పెదనాన్న అయిన సాంచోకు సంతానం లేదు. 1324 సెప్టెంబరులో ఆయన మరణించగానే తొమ్మిదేళ్ల జౌమె వారసుడయ్యాడు. అరగాన్ రాజు రెండో జౌమె వెంటనే అడ్డుపడ్డాడు, ఆ రాజ్యం తనకే చెందాలన్నాడు. కుర్రవాడి చిన్నాన్న, మతాచార్యుడు అయిన ఫెలిప్ సంరక్షకుడిగా నిలిచి బేరం కుదిర్చాడు. 1325లో అరగాన్ తన దావాను వదులుకుంది. బదులుగా బాలుడికి అరగాన్ రాజు మనవరాలు కొంస్తాన్సాతో సంబంధం ఖాయమైంది. 1336లో పెర్పిన్యాన్‌లో పెళ్లి జరిగింది. తరాలు లెక్కపెడితే జౌమె ఆ పెళ్లికూతురికీ, ఆమె తమ్ముడు పెరెకూ వరుసకు చిన్నాన్న అవుతాడు. పెళ్లితో బావ అయ్యాడు. దాయాది తగాదాను వియ్యంతో పూడ్చే ప్రయత్నం అది.

రేవు, టంకశాల

చిన్న రాజ్యమైనా మయోర్కా పేదది కాదు. ఉత్తర ఆఫ్రికా రేవులకూ, ఇటలీకీ, దక్షిణ ఫ్రాన్స్‌కూ మధ్య సరుకు మార్చుకునే మజిలీ అది. సహారా దాటి వచ్చే బంగారం మగ్రిబ్ (వాయవ్య ఆఫ్రికా) రేవుల గుండా ఈ దీవికి చేరేది. 14వ శతాబ్దం ఆరంభంలోనే మయోర్కా సొంత బంగారు నాణెం వేసింది. అరగాన్‌కు అప్పటికి ఫ్లోరిన్ అనే బంగారు నాణెం లేదు. మయోర్కా రాజులు బార్సిలోనా వర్తకుల మీద సుంకాలు వేశారు, ఆఫ్రికా రేవుల్లో తమ ప్రతినిధులను విడిగా నిలబెట్టుకున్నారు. బార్సిలోనా వర్తకులకు ఇది కంటగింపైంది. పెరె రాజు దండెత్తిన రోజున ఆ నగరం ఉత్సాహంగా ఓడలు సమకూర్చడానికి కారణం వెతకాల్సిన అవసరం లేదు.

మూడో జౌమె కాలంలో ఈ సముద్ర వ్యాపారం ఇంకా ముందుకు వెళ్లింది. 1339లో మొరాకోను ఏలిన మరీనిద్ వంశపు సుల్తాను అబుల్ హసన్‌తో ఆయన శాంతి, వర్తక ఒప్పందం చేసుకున్నాడు. అదే సుల్తాను మీద జిబ్రాల్టర్ జలసంధిలో యుద్ధానికి అరగాన్, దాని పొరుగున ఉన్న కాస్తీల్ రాజ్యాలు నౌకలు సిద్ధం చేసుకుంటున్న సమయమది. అదే ఏట ఆంజెలీనో దుల్సెర్త్ మయోర్కాలో గీసిన పటంలో కానరీ దీవుల్లోని లాంసరోతె కనిపిస్తుంది. 1342 ఏప్రిల్‌లో మయోర్కా నావికులు రాజప్రతినిధి నుంచి అనుమతి పత్రాలు పొంది ఆ దీవులవైపు ప్రయాణాలు కట్టారు. రాజ్యం కూలడానికి అప్పటికి సంవత్సరమే మిగిలి ఉంది.

జౌమె మనస్తత్వాన్ని పట్టి ఇచ్చే సాక్ష్యం మరొకటి ఉంది. 1337లో ఆయన ‘లెగెస్ పలాటినే’ అనే కొలువు నియమావళిని వెలువరించాడు. ప్రధాన గృహాధికారి, అంతఃపుర అధికారి, మంత్రి, లెక్కల అధికారి మొదలుకొని వంటవారి దాకా ఎవరి విధి ఏమిటో, ఏ పండుగకు ఎలాంటి దీపాలు వెలిగించాలో అందులో రాసి ఉంది. ఆ లాటిన్ ప్రతిలోని రంగుల బొమ్మల్లో ఉద్యోగులు తమ తమ పనుల్లో నిమగ్నమై కనిపిస్తారు. ఇప్పుడది బ్రస్సెల్స్‌లోని రాజ గ్రంథాలయంలో ఉంది. అంత చిన్న రాజ్యానికి అంత పెద్ద నియమావళి ఆడంబరం కాదు. ఒకరికి సామంతుడైన రాజు తాను రాజుననే సంగతిని అనుదిన మర్యాదల ద్వారా స్థాపించుకునే పద్ధతి అది.

బావా బావమరుదులు

పెరె 1336లో పదహారేళ్ల వయసులో అరగాన్ గద్దెనెక్కాడు. మర్యాదల విషయంలో ఆయన పట్టింపు ఎంతంటే చరిత్రలో ఆయనకు ‘మర్యాదల పెరె’ అనే బిరుదే మిగిలింది. కొత్త అధిరాజుకు చేయవలసిన విధేయతా ప్రమాణాన్ని జౌమె మూడేళ్లపాటు వాయిదా వేశాడు. చివరికి 1339 జులైలో బార్సిలోనా వచ్చి మోకరిల్లాడు. ఆ సన్నివేశాన్ని పెరె తన వృత్తాంతంలో రాయించాడు. బావను కొంతసేపు నిలబెట్టే ఉంచాడట. ఆ తర్వాతే కూర్చోవడానికి దిండు తెప్పించాడట. దిండు ఇవ్వాలా వద్దా అన్నదీ ఆ కొలువులో చర్చనీయాంశమే.

అదే ఏడాది చివర ఇద్దరూ కలిసి పోప్‌ను చూడడానికి, అప్పట్లో ఆయన నివాసమైన ఫ్రాన్స్ ప్రాంతపు అవిన్యోన్ నగరానికి వెళ్లారు. నగరంలో పక్కపక్కన గుర్రాల మీద వెళ్తుండగా జౌమె సేవకుడొకడు పెరె గుర్రాన్ని కర్రతో కొట్టాడు. పెరె అక్కడికక్కడే కత్తి దూయబోయాడు. మూడుసార్లు లాగినా కత్తి ఒరలోంచి రాలేదని ఆయనే చెప్పుకున్నాడు. పెరె పినతండ్రి సర్దిచెప్పడంతో గొడవ ఆగింది. ఇలాంటి ఘట్టాలను బట్టి ఇది ఇద్దరు యువకుల పౌరుషాల పోరు అనిపించవచ్చు. పౌరుషాలు ఉన్న మాట నిజమే. కానీ వాటి వల్లనే రాజ్యాలు జప్తు కావు. జప్తుకు చట్టం కావాలి. ఆ చట్టానికి అవకాశం మాంపెల్యే దగ్గర వచ్చింది.

మాంపెల్యే ఉచ్చు

మాంపెల్యే విషయంలో మయోర్కా రాజు ఫ్రాన్స్ రాజుకు సామంతుడు. అప్పటికే 1293లో ఫ్రాన్స్ రాజు ఆ నగరంలో బిషప్ చేతిలోని భాగాన్ని కొని లోపల కాలు మోపాడు. నగర న్యాయవివాదాలు అప్పీలు మీద పారిస్ వెళ్లేవి. ఒక్కొక్క అప్పీలుతో మయోర్కా అధికారం తరుగుతూ వచ్చింది. 1341లో జౌమె అక్కడ ఫ్రాన్స్ అధికారాన్ని గుర్తించనన్నాడు. రాజు ఆరో ఫిలిప్ నిషేధించిన ఆశ్విక క్రీడలను నగరంలో జరిపించి ధిక్కారాన్ని బహిరంగం చేశాడు. ఇంగ్లండ్‌తో యుద్ధంలో ఉన్న ఫిలిప్‌కు దక్షిణాన ఇలాంటి ధిక్కారం చూస్తూ ఊరుకునే స్థితి లేదు. సైన్యాన్ని కదిపాడు.

ఇక్కడే 1279 ఒప్పందం రంగంలోకి వచ్చింది. సామంతుణ్ని కాపాడటం అధిరాజు విధి కాబట్టి సాయం చేయమని జౌమె పెరెకు కబురంపాడు. చట్టప్రకారం అది న్యాయమైన కోరికే. పెరె ఇరుకున పడ్డాడు. సాయం చేస్తే ఫ్రాన్స్‌తో యుద్ధం తప్పదు. చేయకపోతే ఒప్పందాన్ని ముందు మీరింది అరగానే అవుతుంది, అప్పుడు జౌమె సామంత బంధం నుంచి విముక్తుడవుతాడు.

పెరె సలహాదారులు కనిపెట్టిన ఉపాయం అదే ఒప్పందంలోని ఇంకో షరతు: పిలిస్తే సభకు రావాలన్నది. 1342 ఆరంభంలో బార్సిలోనాలో సభ ఏర్పాటు చేసి జౌమెకు సమన్లు పంపారు. మాంపెల్యే సరిహద్దులో ఫ్రాన్స్ సేనలు ఉండగా ఆయన కదలలేడని వారికి తెలుసు. రాకపోతే షరతు ఉల్లంఘించిన సామంతుడు అవుతాడు, ఉల్లంఘించినవాడికి అధిరాజు సాయం చేయనక్కర్లేదు. ఈ ఎత్తుగడను పెరె తన వృత్తాంతంలో దాచిపెట్టలేదు. జౌమె రాలేదు. ఆయన మీద రెండో అభియోగం సిద్ధంగానే ఉంది: బార్సిలోనా నాణెం మాత్రమే చెల్లవలసిన రూసియోన్‌లో, పెర్పిన్యాన్ టంకశాలలో, సొంత నాణేలు వేయిస్తున్నాడన్నది.

టంకశాల ఆరోపణను చిన్న సాకుగా కొట్టిపారేయలేం. నాణెం ముద్రించే పాలకుడికి ప్రతి ముద్రణలోనూ లాభం మిగులుతుంది. ఎవరి నాణెం చెల్లుతుందో వారి చేతిలోనే ఆ ప్రాంతపు ధరలు, పన్నులు ఉంటాయి. బార్సిలోనాకు అది డబ్బు సంగతి, పెరెకు అధికారం సంగతి. జౌమెకు సైన్యాన్ని పోషించే దారి. జప్తు పూర్తయిన తర్వాత, 1346లో, అరగాన్ తన మొదటి బంగారు ఫ్లోరిన్‌ను ముద్రించింది అదే పెర్పిన్యాన్‌లో.

పోప్ ఆరో క్లెమెంట్ మధ్యవర్తిత్వంతో 1342 వేసవిలో జౌమె అభయపత్రం తీసుకుని భార్యతో సహా బార్సిలోనా వచ్చాడు. సముద్రపుటొడ్డున ఉన్న ఫ్రాన్సిస్కన్ మఠంలో విడిది. విడిది నుంచి తన ఓడల దాకా చెక్కతో కప్పువేసిన వంతెన కట్టించుకున్నాడు. జబ్బు నటించి, పరామర్శకు వచ్చిన పెరెను ఆ వంతెన మీదుగా ఓడలోకి ఈడ్చుకెళ్లి మయోర్కాలోని అలరో కోటలో బంధించాలన్నది ఆయన కుట్ర అని పెరె ప్రకటించాడు. అది అరగాన్ పక్షం చెప్పిన మాట. తన రాజధాని నడిబొడ్డున, తన బలగం మధ్య ఉన్న రాజును అతిథి ఎత్తుకుపోవడం నమ్మశక్యం కాని సంగతి. చివరికి జరిగింది ఇది: జౌమె ఓడెక్కి వెళ్లిపోయాడు, కొంస్తాన్సాను తమ్ముడు వెళ్లనివ్వలేదు. 1343 ఫిబ్రవరి 21న తీర్పు వెలువడింది. మయోర్కా రాజ్యం యావత్తూ జప్తు.

కొద్ది వారాల యుద్ధం

1343 మే 25న పెరె సేనలు సాంత పోన్సా తీరంలో దిగి జౌమె సేనను చెదరగొట్టాయి. రాజు దీవి విడిచి పారిపోయాడు. రాజధాని ముట్టడి లేకుండానే లొంగింది. జూన్ 22న పెరె అక్కడ పట్టాభిషిక్తుడై నగర హక్కులను కాపాడతానని మాటిచ్చాడు. 1344 మార్చిలో ఈ ప్రాంతాలను ఇక ఎన్నటికీ విడదీయకుండా అరగాన్‌లో కలుపుతున్నట్టు శాసనం చేశాడు. జులైలో రూసియోన్ కూడా పడిపోయి జౌమె లొంగిపోయాడు.

ప్రజలు ఎందుకు పోరాడలేదన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. యుద్ధ ఖర్చుల కోసం వేసిన పన్నులు ఒక కారణం. ఇంకా లోతైనది మరొకటి ఉంది. అరగాన్, కాటలోనియా, వలెన్సియాలకు ఉన్నట్టు మయోర్కాకు సొంత ప్రతినిధి సభ లేదు. రాజు పక్కన నిలబడి ఇది మా రాజ్యం అనగల సంస్థ ఏదీ ఎదగలేదు. వర్తకులకు కావలసినవి రేవు హక్కులు. వాటికి హామీ ఇచ్చేది పెరె అయినా జౌమె అయినా వారికి తేడా లేదు. 1344 నవంబరులో జౌమె నిర్బంధం తప్పించుకుని సెర్దాన్యాలోని పుయ్చెర్దా పట్టణం చేరినప్పుడు ఈ సంగతి తేటతెల్లమైంది. కొద్దిరోజుల్లోనే పట్టణవాసులు ఆయన మీద తిరగబడ్డారు. మంచు కురిసే కొండదారుల్లో ఫ్రాన్స్ వైపు పారిపోయాడు.

నగరం అమ్మి కొన్న నౌకాదళం

మిగిలినది మాంపెల్యే ఒక్కటే. 1349 ఏప్రిల్‌లో దానిని 1,20,000 ఎకూలకు (ఫ్రాన్స్ బంగారు నాణేలు) ఫ్రాన్స్ రాజుకు అమ్మేశాడు. ఆ డబ్బుతో ఓడలనూ కిరాయి సైనికులనూ కూర్చుకుని మయోర్కా మీదికి వెళ్లాడు. 1348 నాటి ప్లేగుతో దీవి అప్పటికే చితికిపోయి ఉంది. అక్టోబరు 25న యుక్‌మజోర్ దగ్గర అరగాన్ ప్రతినిధి జిలబెర్త్ ద సెంతెయ్యెస్ సేనలతో జరిగిన యుద్ధంలో జౌమె మరణించాడు. వయసు 34 ఏళ్లు. వెంట ఉన్న కొడుకు జౌమె గాయపడి పట్టుబడ్డాడు.

ఈ చివరి దండయాత్రను ఆవేశపు చర్యగా రాసేవారున్నారు. ఆయన ముందున్న మార్గాలు చూస్తే అలా అనిపించదు. అరగాన్ ఇస్తానన్న భరణం పుచ్చుకుంటే రాజు అనే హక్కు వదులుకోవాలి. మాంపెల్యేను ఎలాగూ ఫ్రాన్స్ మింగబోతోంది. పోబోయే ఊరిని మంచి ధరకు అమ్మి, పోయిన రాజ్యం కోసం ఖర్చు పెట్టడం లెక్క తప్పిన పని కాదు. దీవిలో తన కోసం లేచి నిలిచేవారుంటారన్న అంచనా మాత్రం తప్పింది.

ఆండోరా ఎలా మిగిలింది?

ఇద్దరు ప్రభువుల కింద ఉండటమే పతనానికి కారణమైతే, సెర్దాన్యాను ఆనుకుని ఉన్న చిన్న దేశం ఆండోరా ఎందుకు పతనం కాలేదు? అక్కడా 1278 నుంచి ఇద్దరు ప్రభువులు: ఉర్జెయ్ బిషప్, ఫ్వా ప్రభువు. ఆ ఏర్పాటు మార్పులతో నేటికీ నడుస్తోంది, ఫ్వా ప్రభువు స్థానంలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఉన్నాడు. తేడా బంధాల అమరికలో ఉంది. ఆండోరాలో ఇద్దరికీ ఉన్నది ఒకే భూమి మీద ఉమ్మడి హక్కు. ఒకరు మొత్తం లాగబోతే రెండోవారు అడ్డుకుంటారు. మయోర్కాలో ఎవరి ముక్క వారిది. దీవులు, రూసియోన్ అరగాన్ వాటా. మాంపెల్యే ఫ్రాన్స్ వాటా. ఒకరి జప్తుకు రెండోవారు అడ్డుపడాల్సిన అవసరమే లేదు. ఆండోరా లోయల్లో దోచుకునేంత సంపద లేకపోవడమూ దానిని కాపాడింది. మయోర్కా రేవు సంగతి వేరు.

అదే రాజవంశపు మరో శాఖ ఏలిన సిసిలీ కూడా చివరికి అరగాన్‌లో కలిసింది. అది 1409లో, రాజు వారసులు లేకుండా చనిపోయి, ఆస్తి తండ్రి అయిన అరగాన్ రాజుకు చేరినప్పుడు. సిసిలీ అరగాన్‌కు సామంత రాజ్యం కాదు, దానికి సొంత పార్లమెంటు ఉంది. కాబట్టి పెరె మయోర్కా మీద ప్రయోగించిన సమన్ల ఆయుధం అక్కడ పనిచేసేది కాదు.

తర్వాత ఏం జరిగింది

పెరె రాజ్యంతో పాటు కొలువు పద్ధతినీ తీసుకున్నాడు. 1344లో ఆయన తన దర్బారుకు వెలువరించిన నియమావళి చాలావరకు జౌమె నియమావళికి కాటలాన్ రూపమే. మయోర్కాలో పటాలు గీసేవారి విద్య కూడా అరగాన్ నీడన కొనసాగింది. క్రెస్కెస్ అబ్రహాంకు ఆపాదించే ప్రసిద్ధ కాటలాన్ అట్లాసు 1375 నాటిది.

పట్టుబడిన కొడుకు నాలుగో జౌమె బార్సిలోనా కోటలో బందీగా ఉన్నాడు, రాత్రిళ్లు ఇనుప బోనులో పెట్టేవారు. 1362లో తప్పించుకుని మరుసటి ఏడాది నేపుల్స్ రాణి జొవాన్నాను పెళ్లాడాడు. రాజ్యం కోసం పోరాడుతూనే 1375లో కాస్తీల్‌లోని సోరియాలో చనిపోయాడు. ఆయన చెల్లెలు ఇసబెల్ తన వారసత్వ హక్కును ఫ్రాన్స్ రాజవంశీకుడైన ఆంజూ ప్రభువు లూయీకి అమ్మింది. ఆయన దాన్ని సాధించలేకపోయాడు. రూసియోన్ 1659 పిరనీస్ సంధితో ఫ్రాన్స్‌కు వెళ్లింది, దీవులు స్పెయిన్‌లో ఉండిపోయాయి. మూడో జౌమెను మొదట వలెన్సియా కెథెడ్రల్‌లో సమాధి చేశారు. 1905లో అవశేషాలను మయోర్కా రాజధాని పాల్మాలోని కెథెడ్రల్‌కు తరలించారు.

ఇదంతా మనకు తెలిసినది ఎక్కువగా పెరె వృత్తాంతం ద్వారా, ఆయన కార్యాలయం భద్రపరచిన విచారణ పత్రాల ద్వారా. జౌమె పక్షాన అంత వివరంగా రాసినవారు లేరు. బాల్యం గురించి ముంతనేర్ రాశాడు. ఆ తర్వాతి ప్రతి ముఖ్య ఘట్టాన్నీ రాయించింది ఆయన మీద అభియోగం మోపి, తీర్పు చెప్పి, ఆస్తి తీసుకున్న మనిషే. ఆ పత్రాల్లో కనిపించే దుడుకు జౌమెను ఈ సంగతి మనసులో ఉంచుకునే అంచనా కట్టాలి.